ఇచ్చాను అనే ఒక్క మాట

ఆవిడ నలభై ఏళ్లు ఇస్త్రీ చేసింది. అరవై ఇళ్ల బట్టలు ఒకే గదిలో గుట్టలు పడి ఉండేవి. ఏ చొక్కాకీ గుర్తు కుట్టలేదు, ఏదీ తారుమారు కాలేదు. “చదువు రాకపోతేనేం, నా బుర్రే నా పుస్తకం” అనేది.

ఆవిడ అరవై ఎనిమిదో ఏట డ్రైవరు చొక్కా టీచరుగారింటికి వెళ్లింది. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. మొగుడి మాత్ర మర్చిపోయిన రోజు మాత్రం నవ్వలేదు. ఆయన పక్షవాతంతో మంచం పట్టి మూడేళ్లు. రక్తం గడ్డకట్టకుండా రోజూ పొద్దున్నే ఒక మాత్ర పడాలి. ఓ రోజు అసలు వెయ్యలేదు, మర్నాడు రెండోసారి వెయ్యబోయింది.

ఇస్త్రీ మానేసి, బేకరీలో పనిచేసే కూతురిని పిలిచింది.

“నాకు రాయడం నేర్పవే.”

“ఈ వయసులోనా అమ్మా?”

“బుర్రలో నిలవడం లేదు. కాగితం మీదైనా నిలుస్తుంది గదా.”

ఒక్క మాట చాలంది: ఇచ్చాను. మాత్ర వేశాక క్యాలెండర్లో ఆ తేదీ గడిలో రాయాలి. ‘చా’ కింద ఒత్తు ఇరవై రోజులు ఏడిపించింది. నెల తిరిగేసరికి రాసి మొగుడికి చూపించింది.

“ముత్యాల్లా ఉన్నాయే” అన్నాడాయన. నిజానికి కోడి కెలికినట్టున్నాయి.

రెండు నెలలు గడిచాయి. ఓ ఆదివారం కూతురు వచ్చి చూస్తే, రాబోయే వారం గళ్లన్నిటిలోనూ ‘ఇచ్చాను’ అని ఉంది. ఈపాటికి ఖాళీ కావలసిన మాత్రల అట్టలో పదకొండు మిగిలిపోయాయి.

“నాన్నా, నీకు తెలుసా?”

ఆయన గోడవైపు తిరిగాడు. “తెలుసు.”

“మరి చెప్పలేదేం?”

“రాసి, సంబరంగా చూపిస్తుంది. వెయ్యలేదని ఏ నోటితో అనను?”

ఆ రోజు నుంచి కూతురే పొద్దున్నే వచ్చి మాత్ర వేసింది. అప్పటికే ఆలస్యమైంది. తొమ్మిదో రోజున పక్షవాతం మళ్లీ కొట్టింది. ముందు మాట పోయింది, పన్నెండు రోజులకు ప్రాణం పోయింది.

కూతురు తల్లిని తన ఇంటికి తెచ్చుకుంది. అక్కడ ఆవిడ ఒక్కసారే అడిగింది.

“మాత్రలు నేను సరిగ్గానే వేశాను కదే?”

“వేశావమ్మా.”

ఆ జవాబుకి ఆవిడ తల ఊపింది గానీ, కూతురి మొహంకేసి చాలాసేపు చూసింది.

ఏదో ఒకటి చేతిలో ఉంటే మంచిదని కూతురు పెన్సిలూ కాగితమూ ఇచ్చి, “నీ పేరు రాయమ్మా” అంది.

“అది నువ్వు నేర్పలేదు కదే.”

నిజమే, నేర్పలేదు. ఆ సాయంత్రమే కూతురు నేర్పడం మొదలుపెట్టింది. మొదటి అక్షరానికి నాలుగు రోజులు పట్టింది. రెండోది ఎన్నాళ్లకీ రాలేదు.