గొడుగు పట్టుకున్న నల్లమ్మ

ఏమే ధనుశ్రీ, ఆ పటం కింద నిలబడుకోని మూతులు తిప్పుకుంటా సెల్లులో ఫోటోలు తీసుకుంటారు కదా, ఒక్కరన్నా అడిగినారా ఇది ఈ ఇంటికి ఎట్ల వచ్చిందని? సినిమావోళ్ల పిల్లోల్ల పేర్లయితే గుక్క తిప్పుకోకుండా చెప్తారు. బొమ్మన్న అంటే ఎవరని నోళ్లు తెరుస్తారు. మీ జేజినాయన, మీ నాయన్ని కన్నోడు. సిగ్గు ల్యాకపోతే సరి. కూసోండి.

బొమ్మన్న గొర్లు కాసినోడు. రాయచెర్లు బీళ్లలో తిరిగి తిరిగి కాళ్లు కట్టెలయినోడు. పెండ్లాం నల్లమ్మ. ఆయమ్మకి ఎండ పడేది కాదు, ఎప్పుడు చూసినా చేతిలో గొడుగు. గొర్ల ఎనక పొయ్యేదానికి గొడుగేందని ఊరంతా నవ్వేది.

"నీ పెండ్లాం రాణి కదప్పా" అని ఎగతాళి చేస్తే, "అవును, నేను బంట్రోతును" అనేవాడు.

ఆయమ్మ జొరమొచ్చి పోయింది. మనోళ్ల ఆచారం మీకు తెలిసిందే కదా, సొంత చేన్లోనే పూడ్చి తలకాడ రాళ్లు నిలిపినాడు. పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి, "అది నాది, మరిచిపోవద్దు" అని కొడుకు మధుకుమార్‌కి చూపించినాడు. అంతకు మించి ఆయప్పకి ఏ కోరికా ల్యా.

అప్పుడొచ్చింది సోలారు కంపెనీ, ఎండతో కరెంటు తీసే ప్లేట్లు పరిచేదానికి చేన్లు కావాలని. వానల్యాక శెనక్కాయ ఎండిపోతా ఉంటే ఊరంతా చేన్లు బాడుగకి ఇచ్చిరి. మధు కూడా ఇయ్యాలనె. నల్లమ్మ జాగా వదిలితేనే ఇస్తానని కూసున్నాడు బొమ్మన్న. కంపెనీ ఆపీసు అప్పుడు ఊర్లోనే ఒక బాడుగింట్లో ఉండె. ఆడ గిరీశ్ అని ఒక సారు. దినామూ బొమ్మన్న పోయి ఆ సారు గడప కాడ కూసునేది.

"సార్, ఆడ నా పెండ్లాం ఉండాది. ఆయమ్మ మింద ప్లేట్లు పెట్టొద్దండి."

"నోడోణ అజ్జా," అనేవాడు సారు, చూస్తాంలే తాతా అని కన్నడంలో. కాదనీ అనడు, సరేననీ అనడు.

ఆ సారు కుర్చీ ఎనక గోడకి ఉండేది ఈ పటం. ఆపీసు కొత్త బిల్డింగుకి మారే దినం సామాన్లు లారీకి ఎత్తుతా ఉంటే బొమ్మన్న మళ్లా పోయి అదే మాట. సారుకి తలనొప్పి. ముసలోడు గోడకల్లా చూస్తా ఉండాడని పటం తీసి చేతిలో పెట్టినాడు. "తీసుకో అజ్జా, ఇంట్లో తగిలించుకో" అని లారీ ఎక్కి పాయె.

బొమ్మన్న దాన్ని అరుగు మింద నిలబెట్టి దూరం జరిగి చూసినాడు. కింద ఇసకనేల. దాని అవతల ఆకాశం తగిలేదాకా నీలంగా, పక్కూర్లో అప్పటికే పరిచిన ప్లేట్లు గుట్ట మింద నుంచి కనపడినట్ల. తెల్లగా ఆడొకటి ఈడొకటి గొర్లు. ఇసక అంచున గొడుగు పట్టుకోని ఒక ఆడమనిషి. మొగం ల్యా. నిలబడిన తీరు చాలు. నల్లమ్మ జాగా వదిలిపెడతామని సారు బొమ్మ గీయించి ఇచ్చినాడు అనుకున్నాడు.

"అది సముద్రం నాయినా," అన్నాడు మధు. "ఆ తెల్లవి పడవలు. యాడో దొరల దేశం."

"నువ్వు సముద్రం చూసినావా?"

"సెల్లులో చూసినా."

"నేను మీయమ్మని కండ్లారా చూసినా. నోరు ముయ్."

పొద్దన్నే పోయి చేను కాగితాల మింద వేలిముద్ర వేసి వచ్చినాడు.

కంచె పడింది, గేటు పడింది. మేపుకి బీడు ల్యాక గొర్లని అమ్మేసిరి. ఇంక బొమ్మన్నకి పటమొక్కటే పని. దగ్గరికి పోతే పిల్లోల్లు రంగు మెత్తినట్ల ఉంటాది, మనిషి కనపడదు. అందుకని తలుపు బార్లా తెరిచిపెట్టి, వీధి అవతల అరుగు మింద కూసోని ఇంట్లోకి చూసేది.

పెద్దల అమావాస్య వచ్చింది. పక్కింటి దాసమ్మ ప్లేట్లు కడిగే కూలికి లోపలికి పోతా ఉండె. ఆయమ్మ చేతికి ఆకులో సంగటీ కూరా కట్టి ఇచ్చినాడు.

"మీ అత్త తలకాడ పెట్టి రామ్మా."

"గొడుగు కూడా ఇయ్యి మామా, ఎండగా ఉండాది," అని నవ్వుకుంటా పోయింది దాసమ్మ.

పొద్దుగూకేటప్పుడు వచ్చింది. కట్టిన ఆకు కట్టినట్లే ఉండాది.

"చేను గుర్తే పట్టలేకపోతి మామా. అంతా మట్టం చేసేసినారు."

"ఇసక ఉండాల. దాని అంచున చూసినావా?"

"ఇసక యాడిది మామా? ప్లేట్ల కింద అంతా కంకర. రాళ్లన్నీ ఏరి గేటు కాడ గుట్ట పోసిండారు. యావి ఎవరివో."

బొమ్మన్న ఆకు ముడి తడిమినాడు.

"ప్లేట్ల కింద నీడ ఉంటాదా?"

"ఉంటాది మామా."

"సరే."

మర్నాడు కొత్త ఆపీసుకి పోతే గిరీశ్ సారు ట్రాన్స్‌ఫరయి పోయినాడు. నల్లమ్మ పక్కన తన జాగా సంగతి అడిగితే, ఆడ ఉన్న కొత్త సారు మర్యాదగానే చెప్పినాడు, కంచె లోపల పీనుగుల్ని పూడ్చేదానికి రూల్సు ఒప్పుకోవని.

ఆ దినం నుంచి వీధిలో కూసునేది మానేసినాడు. పటానికి ముక్కు తగిలేంత దగ్గరగా మంచం వేయించుకున్నాడు. సంగటి పెడితే రెండు ముద్దలు, తర్వాత అదీ ల్యా.

"అంత దగ్గరగా ఏం కనపడతాది నాయినా? ఎనక్కి జరుగు."

"కనపడొద్దులే," అన్నాడు.

ఊరి బయట రుద్రభూమిలో, ఎవరెవరి మధ్యనో పూడ్చిరి. ఈయప్ప తలకాడ ఒక రాయన్నా నిలపలా. వచ్చిన సుట్టాలు మాత్రం పటం బాగుండాది, యాడ కొన్నారు అని అడుగుతారు.

పోయేనాటికి బొమ్మన్నకి అరవై తొమ్మిదేండ్లు.