సలాలాలో ఆషాఢ పున్నమి

మొన్న అల్ ఖువైర్‌లో ఆఫీసు నుంచి కారులో ఇంటికి వస్తుంటే, ముందు వెళ్తున్న పికప్‌లోని గోనెసంచుల్లోంచి ఎండు కవళ్ళ వాసన వచ్చింది. ఒంటెల మేత కోసం ఆ చేపల్ని, మా చిన్నప్పటి గల్ఫ్ ఊరు సలాలాలో, ఇసుకలో పరిచి ఎండబెట్టేవారు. పదేళ్ళ వయసులో బడి నుంచి వచ్చేటప్పుడు ఆ వాసన నా జుట్టుకు కూడా పట్టేది.

నాన్న అక్కడి ఓడరేవులో క్రేన్ల ఇంజనీరు. ఆయన తమ్ముడు, మా బాబాయి, ఓ హోటల్ కట్టే కంపెనీలో సూపర్‌వైజరుగా చేస్తూ మా ఇంట్లోనే ఉండేవాడు. ఒకప్పుడు సాంబ్రాణి ఓడలెక్కి దేశాలకు వెళ్ళిన పాత రేవు గోడల మీద మేం దొంగాపోలీసు ఆడేవాళ్ళం. జూన్ వచ్చి గల్ఫంతా పెనంలా కాలుతుంటే, సలాలాలో ఖరీఫ్ అనే వానకాలపు జల్లులు మొదలై, కొండలు పచ్చబడి, దుబాయి నుంచీ రియాద్ నుంచీ కార్లు బారులు కట్టేవి. దారి పక్క కొబ్బరిబొండాలు కొట్టే చప్పుడు, కాల్చిన రాళ్ళ మీద మాంసం చిటపటలు, మంచులోంచి హఠాత్తుగా రోడ్డు మీదికి వచ్చే ఒంటెలు, వాటిని గుద్దుకుని నుజ్జయిన కార్లు, అన్నీ ఆ మూడు నెలల్లోనే.

అందరూ చూడాలనుకునేది ముగ్సైల్ సముద్రతీరం. అక్కడి రాతినేలలో బొక్కలున్నాయి. కింద గుహలోకి అల కొట్టినప్పుడల్లా వాటిలోంచి నీళ్ళు అరుస్తూ ఎగజిమ్మేవి. బాబాయి ఒకసారి తన చెప్పు బొక్క మీద పెడితే, అల దాన్ని రెండంతస్తుల ఎత్తుకు విసిరి, పట్టీ తెంపి పడేసింది. మేం కడుపుబ్బ నవ్వాం.

ఆషాఢ, కార్తీక, మాఘ, వైశాఖ పున్నములకు సముద్రస్నానం చేయడం మా ఇంటి ఆచారం. మాది ఉప్పాడ. ఆషాఢంలో అక్కడి కెరటం మనిషిని పడేసి, మళ్ళీ ఒడ్డుకే తోసేది. ఖరీఫ్‌లో సలాలా జాలర్లు పడవల్ని పైకి లాగి కట్టేసి, మూడు నెలలు నీళ్ళలో కాలు పెట్టరని మాకు తెలుసు. అది వేటకు వెళ్ళేవాళ్ళ సంగతి, మూడు మునకలకు వర్తించదనుకున్నాం.

ఆ ఏడు పున్నమి శుక్రవారం వచ్చింది. అమ్మ పులిహోర కలిపి, పసుపు కుంకుమలు పట్టుకుని మమ్మల్ని ముగ్సైల్ ఒడ్డుకు బయల్దేరదీసింది. పడవల దగ్గర వల బాగుచేస్తున్న ముసలాయన లేచి వచ్చి, దిగొద్దని చేతులు ఊపాడు.

"నై, నై. ఖరీఫ్ మే పానీ ఖరాబ్."

"మాది ఉప్పాడ తాతా, సముద్రానికి మేం చుట్టాలం," అని బాబాయి తెలుగులోనే చెప్పి, చొక్కా విప్పాడు. "రావేంటన్నయ్యా? వొదిన పుణ్యమంతా నేనొక్కణ్ణే మోసుకు రావాలా?"

"నోరు మూసుకుని మునగరా," అన్నాడు నాన్న, వాచీ తీసి నాకిస్తూ.

రెండో మునకకు అల గోడలా లేచింది. బాబాయి కాళ్ళ కింద ఇసుకను లాగేసి, ఎత్తి, పక్కనున్న రాతికి వేసి కొట్టింది. నుదురు పగిలి నెత్తురు రావడం నాకు కనిపించింది. మరో అల అతన్ని లాక్కుని మళ్ళీ అదే రాతికి కొట్టింది. నాన్న నడుములోతు నీళ్ళలోకి పరిగెత్తాడు. ముసలాయన వెనకనుంచి మెడ పట్టుకుని పడవల దాకా ఈడ్చాడు. నాన్న ఆయన చెయ్యి కండ ఊడేలా కొరికాడు. ఆయన వదలకుండానే రెండో చేత్తో పడవలోని తెడ్డు అందుకుని నాన్న మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు కాస్త దూరంలో ఉన్న మాకు వినిపించింది. పడిపోయిన నాన్న ఛాతీ మీద ఆయన కూర్చున్నాడు.

"వదల్రా, వాడు నా తమ్ముడ్రా," అని నాన్న ఆయన మొహం రక్కుతూనే ఉన్నాడు. బాబాయి చెయ్యి రెండుసార్లు పైకి లేచింది. మూడో రోజు పడమటి రాళ్ళ మధ్య దొరికాడు.

నాన్న ఆ తర్వాత ఎప్పుడూ కుంటుతూనే నడిచాడు. "ఆ ముసలాడు పట్టుకోకపోతే తెచ్చేవాణ్ణి," అని ఏళ్ళ తరబడి అన్నాడు. ఒకసారి అమ్మ, "మీరూ పోయేవారండీ," అంది. అన్నం కంచం ఆమె మొహాన విసిరికొట్టాడు. అమ్మ కనుబొమ మీద మూడు కుట్లు పడ్డాయి. ఇంట్లో ఆ మాట మళ్ళీ రాలేదు. నాన్న పోయినేడు తన మంచం మీద, మనవల మధ్య పోయాడు.

ఈ జూలైలో సెలవు పెట్టి ముగ్సైల్ వెళ్ళాను. ఇప్పుడక్కడ ఇనుప కంచె, కాఫీ దుకాణాలు, అంచు దాటితే ఈల వేసే గార్డులు ఉన్నారు. పడవలుండే చోట కార్లు ఆపుతున్నారు. జాలర్ల ఇళ్ళు పోయి సెలవులకు వచ్చేవాళ్ళ అపార్ట్‌మెంట్లు లేచాయి. నేను పళ్ళ బుట్ట ఒకటి కొనుక్కుని వెళ్ళాను. టీ కొట్టతన్ని, ఇక్కడో ముసలి జాలరి ఉండేవాడు, పోయినా ఆయన పిల్లలైనా ఉన్నారా అని అడిగాను.

"పేరు చెప్పండి మేడమ్, కనుక్కుంటాను," అన్నాడు.

నాన్నను మాకు ఇరవై ఏడేళ్ళు ఎక్కువగా ఇచ్చిన మనిషిని ఇంట్లో అందరం ముసలాడనే అన్నాం. పేరు ఎవరమూ అడగలేదు.