తాగనివాడు మానేసిన తాగుడు

సంచులు కుట్టే ఆమెను చర్చిలో అందరూ సంచులక్క అంటారు. గుడ్డ కత్తిరించేది మొగుడు, కుట్టేది ఆమె. మందపాటి గుడ్డ పెడితే చాలు, పాత మిషను సూది పుటుక్కున విరుగుతుంది. షాపులవాళ్ళు అడిగేదేమో ఆ మందపాటి సంచులే. పెద్ద మిషను ఒకటి చేతికొస్తే ఇల్లు గట్టెక్కుతుంది. అందుకే ఆదివారం ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు నడుపుకునే పొదుపు సంఘంలో ఆమె ఒక్క వారం కూడా డబ్బు ఎగ్గొట్టలేదు. ఇప్పుడు అప్పు తీసుకునే వంతు ఆమెకొచ్చింది.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. దాచుకున్నది ఆడవాళ్ళు, చెమటోడ్చింది వాళ్ళు. దానికి దాతలెవరో కాస్త కలుపుతారు. ఆ కాస్తకే వంతు వచ్చిన మనిషి వాళ్ళ ముందు నిలబడి, దేవుడు తనను ఏ బురదలోంచి లాగాడో సాక్ష్యం చెప్పాలి. బురద ఎంత లోతుంటే చప్పట్లు అంత గట్టిగా పడతాయి. గుడ్లమ్మే ఆమె నోరు జారి అడుక్కుతిన్న రోజులు చెప్పుకుంది. అప్పట్నుంచి బడిలో ఆమె పిల్లల్ని ఆ మాటతోనే పిలుస్తున్నారు. ఛీ, ఏం మనుషులో!

సాక్ష్యానికి ముందురోజు పాస్టరమ్మ సంచులక్క ఇంటికొచ్చింది. మిషను మీది దుమ్ము చీరకంటకుండా కుర్చీ అంచున కూర్చుంది.

"నీ కథలో పస లేదమ్మా. మీ ఆయన తాగేవాడని చెప్పు. కొట్టేవాడని చెప్పు."

"అయ్యో, మా ఆయన చుక్క కూడా ముట్టడండీ!"

"ముట్టని మనిషి గురించి వినడానికి దాతలు అంత దూరం నుంచి వస్తారా? ఇదంతా దేవుడి మహిమ కోసమేగా."

దేవుడి మహిమట! తెర అవతల మొగుడి కత్తెర చప్పుడు ఆగిపోయింది.

ఆదివారం ఆమె లేచి ఉన్నదే చెప్పింది. మొగుడు మంచివాడంది, ఇద్దరం కష్టపడతామంది, మిషను ఇప్పిస్తే అప్పు తీర్చేస్తామని చెప్పి కూర్చుంది. ఒక దాత ఆవలించాడు. కెమెరా అతను కెమెరా దించేశాడు. పాస్టరమ్మ మైకు అందుకుని, "ఈ సిస్టర్ ఇంకా సిద్ధపడలేదు, ఈసారి వంతు వేరే వాళ్ళకిద్దాం" అంది.

అప్పుడు వెనకాల కుర్చీలు సర్దుతున్న మొగుడు గొంతు సవరించుకున్నాడు.

"తాగేవాణ్ణండీ. దీన్ని కొట్టేవాణ్ణి కూడా. ఇప్పుడు మానేశాను."

హాలు హాలంతా హల్లెలూయా అని దద్దరిల్లింది. ఆవలించిన దాత పరుగున వచ్చి అతన్ని కౌగిలించుకున్నాడు. కెమెరా అతను నవ్వమంటే మొగుడు నవ్వాడు, చేతులు జోడించమంటే జోడించాడు. సంచులక్క మాత్రం తల ఎత్తలేదు.

మిషను వచ్చింది. అబద్ధమాడటమెందుకు, బంగారంలాంటి మిషను. కానీ దాని ముందు కూర్చున్నప్పుడల్లా ఎవరి ఎంగిలో తింటున్నట్టు ఆమెకు ఒళ్ళంతా రోత పుట్టేది.

ఆ తర్వాత యేసు చివరి విందుకు గుర్తుగా చర్చిలో రొట్టె, రసం పంచే ప్రభు బల్ల రోజు వచ్చింది. బుల్లి గ్లాసుల్లో ద్రాక్షరసం, పసిపిల్లలు తాగే తియ్యటి నీళ్ళే అనుకోండి. పాస్టరుగారు వరసలో ఒక్కొక్కరికీ అందిస్తూ వచ్చి, ఆమె మొగుడి దగ్గరికి రాగానే పళ్ళెం పక్కకు తిప్పేశారు.

"నీకొద్దులే బాబూ, రొట్టె చాలు. పాత అలవాటు మళ్ళీ గుర్తొస్తే కష్టం."

ఎంత ప్రేమగా అన్నారనుకున్నారు! ఆ ప్రేమకే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తన గ్లాసు తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"తాగయ్యా నువ్వు!"

అన్ని తలలూ ఇటు తిరిగాయి. అతను గ్లాసు వంక చూశాడు, జనం వంక చూశాడు. ఒక్క బొట్టు ఒలక్కుండా దాన్ని తిరిగి ఆమె చేతిలో పెట్టేశాడు.

"వద్దులేవే. మళ్ళీ మొదలెట్టాననుకుంటారు."