బుగ్గల ఊపిరి

1963 వానాకాలం మొదట్లో నన్ను బందరులోని ఒక ఆసుపత్రిలో, మగవాళ్ల మెడికల్ వార్డుకి స్టాఫ్ నర్సుగా వేశారు. ఆ వార్డు వెనక స్టోరు గదిలో, దుప్పట్ల బీరువాకీ గోడకీ మధ్య నిలబడి, నేను అగ్గిపుల్లలు వెలిగించి ఊదుకునేదాన్ని. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అదొక పరీక్ష. ఊపిరి కొలిచే యంత్రాలు అప్పట్లో మా ఆసుపత్రికి రాలేదు. వెలిగించిన అగ్గిపుల్లను రోగి నోటికి జానెడు దూరంలో పట్టుకుని, నోరు బాగా తెరిచి ఊదమనాలి. పెదవులు సున్నాలా చుట్టకూడదు. ఊపిరి గొట్టాలు తెరుచుకుని ఉంటే మంట ఆరిపోతుంది. బిగుసుకుని ఉంటే వంగి మళ్లీ లేస్తుంది. నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. దివిసీమలో మా ఊళ్లో నూర్పిళ్ల రోజుల్లో అమ్మ నన్ను గడప దాటనిచ్చేది కాదు. పెద్దయ్యాక చాలావరకు తగ్గింది. ఉద్యోగంలో చేరేటప్పుడు చూపు చూశారు, ఎక్స్‌రే తీశారు. ఉబ్బసం గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు. నేను మనుషులతో మాట్లాడేదే తక్కువ. డ్యూటీ దిగాక డైరీ రాసుకోవడం, దొరికిన పుస్తకం చదువుకోవడం, అంతే నా లోకం. ముసురు పట్టిన రోజుల్లో ఛాతీ బరువనిపిస్తే మాత్రం స్టోరు గదిలోకి వెళ్లి అగ్గిపుల్ల వెలిగించేదాన్ని.

ఆ రోజుల్లోనే భూషణాచారిగారు మా వార్డుకి వచ్చారు. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల పని చేసే మనిషి, డెబ్బై దాటింది. నిజానికి ఆయన సర్జికల్ వార్డు రోగి. ఏళ్ల తరబడి దగ్గీ దగ్గీ పొత్తికడుపులో పేగు జారింది. హెర్నియా ఆపరేషన్ చెయ్యాలి. వయసులో ఉబ్బసం ఉండేదనీ, మధ్యలో చాలాకాలం లేదనీ, అరవై దాటాక మళ్లీ వచ్చిందనీ ఆయన చెప్పడంతో, మత్తుకు తట్టుకుంటారో లేదో తేల్చమని సర్జన్‌గారు మా వార్డుకు పంపారు. దీన్ని మేము ఫిట్‌నెస్ అనేవాళ్లం. అప్పుడు మా దగ్గర ఎక్కువ వాడింది ఈథర్. ముఖం మీద గాజుగుడ్డ మాస్కు పెట్టి, దానిమీద చుక్కలు చుక్కలుగా పోసేవారు. ఆ ఆవిరికి గొంతు రేగి కళ్లె ఊరుతుంది. బిగిసిన ఛాతీ ఆ కళ్లెను బయటికి తెచ్చుకోలేదు.

ఆయన పక్క మంచం సుందరరావుది. గుడివాడలో ధాన్యం మిల్లు హమాలీ, ముప్పై ఏళ్లుంటాయి. ఊక దుమ్ముకి ఉబ్బసం తిరగబెట్టి, వచ్చి, పడుకోలేక మంచం అంచు పట్టుకుని కూర్చున్నాడు. చర్మం కింద ఎడ్రినలిన్ ఇస్తే కాసేపటికే లేచి మజ్జిగన్నం అడిగాడు. అదే మందు ఆచారిగారికి సగం మోతాదులో ఇస్తే గుండె దడదడలాడింది, ఊపిరి మాత్రం పెద్దగా మారలేదు. రౌండ్సులో మా డాక్టరుగారు దీన్ని విడమరిచి చెప్పారు. వయసులో ఉన్నవాడి గొట్టాలు బిగుస్తాయి, మందు పడితే వదులుతాయి. పెద్దవాళ్లలో ఊపిరితిత్తికి సాగి ముడుచుకునే గుణం తగ్గుతుంది, పక్కటెముకల కీళ్లు గట్టిపడతాయి, దగ్గడానికి కావలసిన బలం ఉండదు. అంతకంటే చెడ్డ సంగతి, లోపల ఎంత బిగిసినా వాళ్లకు అంతగా తెలియదు. వయసు మీదపడింది అనుకుని సర్దుకుంటారు.

ఆచారిగారిని ఎప్పుడడిగినా జవాబు ఒకటే.

"బాగానే ఉందమ్మా."

పరీక్ష రోజున వార్డు కిటకిటలాడుతోంది. డాక్టరుగారు హడావుడిలో అగ్గిపుల్ల వెలిగించి "ఊదండి తాతగారూ" అన్నారు. నోరు తెరవమని చెప్పలేదు. ఆచారిగారు ఊదారు. మంట టక్కున ఆరింది. స్టెతస్కోపు పెడితే పిల్లికూతలు కూడా పెద్దగా లేవు. డాక్టరుగారు కేసు షీటులో ఫిట్ అని రాసి ముందుకు కదిలారు. రెండు రోజుల్లో ఆపరేషన్.

డాక్టరుగారు గుమ్మం దాటగానే సుందరరావు అందుకున్నాడు.

"ఏం ఆచారిగారూ! బంగారం కరిగించే ఊపిరి. అగ్గిపుల్లొక లెక్కా మీకు?"

"ఎగతాళా? నీ వయసుకి నేను పొద్దున్నుంచి సందేళ దాకా ఊదేవోణ్ని. నువ్వు బస్తా దించి కూలబడేవోడివి."

"దించితే కూలబడ్డాను గానీ, మీరు ఊదేటప్పుడు చూశాను. బుగ్గలు గారెల్లాగ పొంగినయ్యి. ఛాతీ మాత్తరం కదిలితే ఒట్టు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. కంసాలి పనిలో టంకం పెట్టేటప్పుడు ఇత్తడి ఊదుగొట్టంతో దీపం మంటను నగ మీదికి వంచుతారు. మంట తెగకూడదు గనక గాలిని బుగ్గల్లో నిలవ పెట్టుకుని వదులుతూ, ముక్కుతో పీల్చుకుంటారు. మంట కనబడగానే ఆయన పెదవులు వాటంతటవే చుట్టుకున్నాయి. ఆరిపోయిన అగ్గిపుల్ల ఆయన బుగ్గల సంగతి చెప్పింది, ఊపిరితిత్తుల సంగతి కాదు. పిల్లికూతలు లేకపోవడానికీ నాకు అప్పుడే భయమేసింది. గాలి కదలని చోట కూత కూడా ఉండదు.

స్టాఫ్ నర్సు డాక్టరుగారు అడిగినదానికి జవాబు చెప్పాలి. తనంతట తాను చెప్పాల్సింది ఉంటే హెడ్ సిస్టరు ద్వారా చెప్పాలి. ఒకసారి రాసిన ఫిట్‌నెస్ మీద మాట్లాడటానికి నాకు ధైర్యం చాలలేదు. మధ్యాహ్నం వార్డు నిద్రపోయాక ముందు ఆయన దగ్గరికే వెళ్లాను.

"తాతగారూ, మళ్లీ ఒకసారి ఊదుతారా? ఈసారి నోరు తెరిచి."

"పొద్దున ఊదాగా. డాక్టరుగారే పాస్ చేశారు. నువ్వు మళ్లీ పరీక్ష పెడతావేంటి?"

"ఆ ఊదడం వేరండీ."

ఆయన పేగు జారకుండా పొత్తికడుపుకి కట్టుకున్న పట్టీ సర్దుకున్నారు. "ఆపరేషన్ తప్పించమాకు సిస్టరమ్మా. పట్టీ కట్టుకుని దీపం ముందు కూర్చోలేకపోతున్నాను. కూర్చుని తింటే ఇంట్లో గడవదని కాదు. కూర్చుని చూస్తా ఉంటే నాకు గడవదు."

నేను అగ్గిపెట్టె తీశాను. ఆయన వేలు అడ్డం పెట్టారు.

"ముందు నువ్వు ఊది చూపించు."

ఆ రోజు సముద్రం వైపు నుంచి తడిగాలి. పొద్దుటి నుంచీ నా ఛాతీ బాగాలేదు. కాదనడానికి కారణం తోచక నోరు తెరిచి ఊదాను. మంట పక్కకి వంగి, లేచి నిలబడింది. రెండోసారి ఊదితే గానీ ఆరలేదు.

"నీకూ ఉందా?" అన్నారు గొంతు తగ్గించి.

"చిన్నప్పటి నించీ ఉందండీ."

"ఎవరికీ తెలీదా?"

"తెలీదండీ."

ఆయన అగ్గిపుల్ల వెలిగించమని సైగ చేశారు. నోరు తెరిచి, భుజాలు ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి ఊదారు. మంట వంగను కూడా లేదు. నా వేళ్లు చురుక్కుమనేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ ఉన్నాం. ఆయన పెదవుల చుట్టూ రంగు మారింది. ఎలా ఉందండీ అని అడిగితే, దమ్ము కూడదీసుకుని, "బాగానే ఉందమ్మా" అన్నారు. అప్పుడు నాకు డాక్టరుగారి మాట పూర్తిగా అర్థమైంది. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయనకు నిజంగానే తెలియడం లేదు.

"ఈథర్ లోపలికెళ్తే ఊరే కళ్లెను మీ ఛాతీ బయటికి పంపలేదండీ. ఆపరేషన్ తప్పదు, కాస్త ఆలస్యమవుతుంది. అంతే" అన్నాను. అంత పొడుగు మాట నేను వార్డులో మాట్లాడటం అదే మొదలు.

మర్నాడు పొద్దున రౌండ్సులో నేను హెడ్ సిస్టరుకు చెబుదామని నోరు తెరిచేలోపే ఆచారిగారు లేచి కూర్చున్నారు. "డాక్టరుగారూ, నిన్న నేను ఊదింది బుగ్గలతోటండీ. మా పనిలో అలవాటు. ఇంకోసారి చూడండి" అన్నారు. ఎవరు చెప్పారని డాక్టరుగారు అడగలేదు, ఆయన చెప్పలేదు. మళ్లీ పరీక్ష చేసి, నోరు తెరవమని తానే చెప్పి ఉండాల్సిందని డాక్టరుగారు అని, ఫిట్ అన్న మాట కొట్టేశారు. అమైనోఫిలిన్ నరంలోకి నెమ్మదిగా ఎక్కించడం, ఆవిరి పట్టడం, కళ్లె తీయడానికి వీపు తట్టడం కొన్ని వారాలు సాగింది. తరవాత ఈథర్ లేకుండా, కోసే చోట మాత్రమే మొద్దుబారేలా సూదులిచ్చి ఆపరేషన్ చేశారు. కోలుకోవడానికి సుందరరావు వయసువాడికి పట్టేదానికంటే చాలా ఎక్కువ కాలం పట్టింది. దగ్గితే కుట్లు నొప్పి, దగ్గకపోతే కళ్లె. ఇంటికి వెళ్లేటప్పుడు దీపం ముందు కూర్చోవచ్చు గానీ ఊదకూడదని డాక్టరుగారు చెప్పారు. గొట్టం కొడుక్కిచ్చి, తాను రాళ్లు పొదిగే పని చేసుకున్నారని విన్నాను.

నేను పదవీ విరమణ చేసేదాకా, పెద్దవయసు రోగుల్ని ఆయాసంగా ఉందా అని మళ్లీ అడగలేదు. మెట్లెక్కడం ఎప్పుడు మానేశారు, చొక్కా తొడుక్కుంటూ మధ్యలో ఆగుతున్నారా, గుడికో చర్చికో నడిచి వెళ్లి ఎన్నాళ్లయింది అని అడిగేదాన్ని. రోగి చెప్పే మాట కంటే రోగి మానేసిన పనులే ఊపిరి సంగతి సరిగ్గా చెబుతాయి. నా దగ్గర పనిచేసిన నర్సులకూ అదే నేర్పాను. నడివయసులో తగ్గిన ఉబ్బసం నాకు కూడా అరవై దాటాక తిరిగి వచ్చింది. ఎవరడిగినా ముందుగా నోటికొచ్చే జవాబు ఏమిటో నాకిప్పుడు తెలుసు.

ఆపరేషన్ అయిన మరుసటి ఏడాది మంచు పడే రోజుల్లో ఆచారిగారిని మళ్లీ మా వార్డుకు తెచ్చారు. రాళ్లు పొదగడం మానేసి చాలా రోజులైందట, అడిగితే బాగానే ఉందంటూ వచ్చారని కొడుకు చెప్పాడు. ఈసారి గోళ్లు నీలంగా ఉన్నాయి. డాక్టరుగారు చెయ్యగలిగిందంతా చేశారు. దిండ్లు సర్దుతుంటే ఆయన నా మణికట్టు పట్టుకుని, మాట మాటకీ ఆగుతూ అన్నారు.

"నీకూ వయసొచ్చుద్ది సిస్టరమ్మా. అప్పుడు ఎవరన్నా అడిగితే, బాగానే ఉందని మాత్రం చెప్పమాకు."