ముందు ఆకాశం

ఆంటీ పోయారన్న కబురు నాకు అడవి దాటి వచ్చాక, దారిలో ఒక పెట్రోల్ బంకు దగ్గర అందింది. అడవిలో సిగ్నల్ ఉండదు. బంకు ముందు కారు ఆపగానే ఫోన్ ఒకటే మోగుడు. అన్నీ అంకుల్ పంపినవే. చివరి మెసేజ్‌లో, "పొద్దున్నే మీ ఆంటీ వెళ్ళిపోయిందమ్మా. నువ్వు నిదానంగా డ్రైవ్ చేసుకుంటూ రా" అని ఉంది. పక్క సీట్లో ఆవిడ కెమెరా ఉంది. తెస్తానని మాటిచ్చిన పిట్ట అందులో లేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంకొక్క పూట ఆగలేకపోయారా అని కెమెరాను పట్టుకుని తిట్టాను.

ఆవిడను ఎరిగినవాళ్ళు మీలో కొద్దిమందే ఉంటారు. ఈ పరాయి దేశంలో, మౌంట్ రాస్కిల్ అనే పేటలో మా ఫ్లాట్ పక్క ఇల్లు ఆవిడా అంకులూ ఉండేది. ఆవిడది ఒంగోలు వైపు. ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో నర్సుగా చేసి రిటైరయ్యారు. నేను కరీంనగర్ నుంచి ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చి, చదువైపోయి, ఉద్యోగంలో చేరిన కొత్త. ఒకరోజు ఆవిడ పెరట్లో నిమ్మచెట్టు కింద ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంటే, ఏదో అయిందనుకుని కంచె మీదుగా కేకేశాను. చెట్టు మీది పిట్ట కాస్తా ఎగిరిపోయింది. ఆవిడ చేతిలో కెమెరా అప్పుడు చూశాను. "నీ గొంతు తగలెయ్య, ఎప్పట్నుంచి నిలబడ్డానో తెలుసా అమ్మాయ్!" అన్నారు. ఆ నోటితోనే, "రా, టీ తాగుదువు గానీ" అన్నారు.

ఫోటోలు తీయడం ఆవిడకు కేర్ హోమ్‌లోనే అంటుకుంది. మంచం దిగలేనివాళ్ళు రోజంతా తెల్లటి సీలింగ్ చూస్తూ పడి ఉండడం చూడలేకపోయారట. ఆకాశాన్ని ఫోటో తీసి, పెద్దగా ప్రింట్ చేయించి, స్టూలెక్కి వాళ్ళ తల పైన అంటించేవారు. తర్వాత ఎప్పుడో ఒక పిట్టను తీసి, బొమ్మ కత్తిరించి, ఆ ఆకాశం మీద అతికించేవారు. పిట్ట వచ్చిన రోజు వార్డులో పండగేనట.

అందుకే ఆవిడకో పద్ధతి ఉండేది. ఎంత మంచి పిట్ట ఎదురుగా ఉన్నా, ముందు దాని పైనున్న ఆకాశాన్ని ఒక ఫోటో తీయాలి. ఆ తర్వాతే పిట్ట. వెలుగు ఎంతుందో తెలుస్తుందన్నది పైకి చెప్పే కారణం. అసలు సంగతి వేరు. "పడుకున్నోళ్ళకి ముందు కావాల్సింది ఆకాశం, అమ్మాయ్. పిట్టదేముంది, వస్తే వస్తుంది" అనేవారు.

"అప్పటిదాంక పిట్ట ఆగుతదా ఆంటీ?" అనేదాన్ని నేను.

"ఉండేది ఉంటుంది" అనేవారు.

చాలాసార్లు ఉండేది కాదు. ఎగిరిపోగానే ఆవిడే అడవి దద్దరిల్లేలా "ఏసయ్యా!" అని అరిచేవారు. చుట్టుపక్కల మిగిలిన పిట్టలు కూడా పోయేవి. నన్ను మాత్రం గట్టిగా ఊపిరి పీల్చనిచ్చేవారు కాదు.

ఏటా చలికాలం చివర్లో మేమిద్దరం ఉత్తరాన పుకెటి అడవికి వెళ్ళేవాళ్ళం. డ్రైవింగ్ నాది, పులిహోర డబ్బా, అల్లం టీ ఆవిడవి. ఇక్కడ వానలు చలికాలంలోనే. అవి కడిగిన ఆకాశం ఆ రోజుల్లో ఉన్నంత శుభ్రంగా ఇంకెప్పుడూ ఉండదని ఆవిడ నమ్మకం. అక్కడివి పెద్ద పెద్ద కౌరి చెట్లు. బూట్లకంటిన మట్టితో వాటి వేళ్ళకు తెగులు పాకుతుందని, బాట మొదట్లోనే బ్రష్షూ మందునీళ్ళూ పెడతారు. నాబోటివాళ్ళు రెండు రుద్దులు రుద్ది నడుస్తారు. ఆవిడ ఆపరేషన్‌కి చేతులు కడుక్కున్నట్టు కడిగేవారు. అంచుల్లో ఇరుక్కున్న మట్టిని పుల్లతో గీకేవారు. నేను తొందరపడితే, "పేషెంటు గదిలోకి మట్టికాళ్ళతో పోతామా?" అని నా బూట్లు కూడా లాక్కుని రుద్దేవారు.

ఎన్నో పిట్టలు దొరికాయి గానీ, కోకాకో అనే పిట్ట ఒక్కటే దొరకలేదు. ఒళ్ళంతా బూడిద రంగు, కళ్ళ దగ్గర నల్ల పట్టీ, గొంతు కింద రెండు నీలి బిళ్ళలు. పొద్దున్నే పాడుతుంది. ఒక స్వరం సాగదీసి, ఆగి, మనం ఇక లేదనుకున్నాక మళ్ళీ ఎత్తుకుంటుంది. "మా ఊరి చర్చిలో హార్మోనియానికి గాలి కొడితే ఇట్టాగే ఉండేది" అని ఆంటీ కళ్ళు మూసుకుని వినేవారు. వినడమే తప్ప ఒక్కనాడూ ఫోటోకి చిక్కలేదు.

ఈ ఏడు ఆవిడే మంచం పట్టారు. ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే హాస్పిస్‌లో చేర్చాక, ఆవిడ తీసిన ఆకాశాల్లో మంచిది ఏరి, స్టూలెక్కి సీలింగ్‌కి అంటించాను. ఆవిడ దానికేసి చాలాసేపు చూశారు.

"పిట్టేదమ్మాయ్?"

"ఏ పిట్ట గావాలె ఆంటీ?"

"అడగాలా?"

అంకుల్ మొహం తిప్పుకున్నారు. ఆవిడ దుప్పటి పక్కకి జరిపి, "నా పాదాల రంగు చూడు. ఎంతమందిని చూశాను, ఈ రంగు నాకు తెలుసు" అన్నారు, వేరెవరో పేషెంటు సంగతి చెబుతున్నట్టు. పిట్టను తెస్తే ఆవిడ ఆగుతారని నాలో ఒక పిచ్చి నమ్మకం పుట్టింది. తెలివైనదాన్నని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ రోజు నిజంగానే నమ్మాను.

"నేను తెస్త ఆంటీ. మీరు మాత్రం ఉండాలె."

ఆవిడ నవ్వారు. "ఉండేది ఉంటుంది" అన్నారు.

ఆ సాయంత్రమే ఆవిడ కెమెరా తీసుకుని బయలుదేరి, అడవికి దగ్గర్లో ఒక మోటెల్‌లో దిగాను. తెల్లారేసరికి బాట మొదట్లో ఉన్నాను. కారు డోరు తీయగానే పాట వినిపించింది. చాలా దగ్గర్లో. పరుగెత్తబోయాను. బ్రష్ కనబడింది. ఈ ఒక్క పూటకి వదిలేస్తే ఏమవుతుంది? అడుగు పడలేదు. మట్టికాళ్ళతో పోతామా అన్న మాట చెవిలోనే ఉంది. ఏడుస్తూ, ఆవిడను తిట్టుకుంటూ, అంచులదాకా రుద్దాను. పాట ఆగలేదు. దేవుడికి దండం పెట్టుకుని లోపలికి నడిచాను.

కొమ్మ మీద ఉంది. ఇంత దగ్గరగా వస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు. గొంతు కింద నీలి బిళ్ళలు కదలడం కూడా కనబడుతోంది. కెమెరా ఎత్తాను. చేతులు నన్నడగలేదు. నేరుగా దాని పైనున్న ఆకాశానికి ఎత్తి, క్లిక్‌మనిపించాయి. కిందికి దించేసరికి కొమ్మ మీద ఏమీ లేదు.

మధ్యాహ్నం దాకా తిరిగాను. వెతికాను, బతిమాలాను. ఒక్కసారి, ఒక్క ఫోటో, నీ కాళ్ళు పట్టుకుంటాను అని చెట్లకు చెప్పాను. మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు గానీ, "ఏసయ్యా" అని కూడా అరిచాను. ఏ చెట్టూ పలకలేదు. అప్పటికే ఆవిడ లేరని నాకు తెలియదు.

అంత్యక్రియల రోజు ఆ ఆకాశాన్నే ప్రింట్ చేయించి తీసుకెళ్ళాను. ఎందుకో నాకే తెలియదు. ఆవిడకివ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. పెట్టెకు మూత పెట్టకముందు ఆవిడను చివరిసారి చూడడానికి ఇంటివాళ్ళను లోపలికి పంపారు. అంకుల్ నన్ను కూడా రమ్మన్నారు.

"పిట్ట దొరికిందా అమ్మా?"

"లేదు అంకుల్. ఆకాశమే."

ఆయన ప్రింట్ అందుకుని కళ్ళజోడు సర్దుకున్నారు. "ఈ మూల ఏంటిది, చెదిరిపోయినట్టుంది?"

"కొమ్మ అంకుల్. పిట్ట గప్పుడే ఎగిరిపోయింది."

ఆయన ఆ మూలను బొటనవేలితో తడిమారు. తర్వాత పక్కన నిలబెట్టి ఉన్న శవపేటిక మూత వైపు చూశారు. "లోపలి వైపు అంటించమ్మా. ముందు ఇదేగా మీ ఆంటీ అడిగేది" అన్నారు.

కెమెరా సంచిలో ఆవిడ సీలింగ్‌కి వాడే జిగురు ముద్ద ఉంది. నాలుగు మూలలా పెట్టి, సరిగ్గా ఆవిడ ముఖానికి ఎదురుగా వచ్చేలా చూసుకుని, అరచేత్తో గట్టిగా నొక్కాను. మూతను ఎత్తి, మెల్లగా దించడం మొదలుపెట్టారు. నేను వంగి చూశాను. వాన వెలిసిన ఆ కాస్త ఆకాశమూ, మూలన ఇంకా ఊగుతున్న కొమ్మా ఆవిడ ముఖానికి దగ్గరగా, ఇంకా దగ్గరగా దిగాయి.