అవ్వ కలిపిన పేడ

నా చిన్నప్పుడు, కొట్టం నిండా గొడ్లున్న మా ఇంట్లో పేడకు కరువొచ్చింది. ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, ఆ ఎనభైల్లో మా ఇంటికి అదే పెద్ద దిగులు.

మోత్కూర్ దగ్గరి మా ఊళ్లో గోబర్ గ్యాస్ పెట్టించుకున్న మొదటి ఇల్లు మాదే. అమ్మకు దగ్గు. పొయ్యి పొగ మానకపోతే కష్టమని భువనగిరి దవాఖానలో చెప్పారు. కిరోసిన్ స్టవ్ కొంటే ఆ కమురుకు దగ్గు ఇంకా ఎక్కువైంది. అందుకే బాపు పెరట్లో గుంత తవ్వించి తొట్టి కట్టించాడు. పేడలోంచి మంట ఎట్లా వస్తుందో ఎవరు ఎంత చెప్పినా నా బుర్రకెక్కలేదు. వచ్చింది మాత్రం చూశాను, పొగ లేని నీలి మంట. కొన్నాళ్లు అమ్మ దగ్గకుండా వంట చేసింది.

పొద్దున్నే కొట్టం ఊడ్చి పేడ ఎత్తేది మా అవ్వ, బాపు వాళ్లమ్మ. అంతకుముందు ఆమె పిడకల మీదే మా నీళ్లు కాగేవి, పాలు మరిగేవి. ఊళ్లో ఎవరింట్లో పురుడైనా పిడకలకు ఆమె దగ్గరికే వచ్చేవారు. గ్యాస్ వచ్చాక ఆమె ఎత్తిన పేడను అమ్మ నీళ్లతో కలిపి తొట్టిలో పోసేది. అవ్వ అరుగు మీద ఊరికే కూర్చునేది.

ఇంతలో మంట రానురాను చిన్నదైంది. ఒకరోజు అన్నం సగం ఉడికి ఆగిపోయింది. తొట్టి కట్టిన మేస్త్రీ వచ్చి చూసి, పేడ చాలడం లేదన్నాడు. గొడ్లు అవే, మేత అదే, మరి పేడ ఎటు పోతోందో ఎవరికీ అంతుపట్టలేదు. బాపు విసిగిపోయి, అమావాస్య దాటాక గుంత పూడ్చేస్తానన్నాడు. అమ్మ మొహం చూసి నాకు భయమేసింది.

మర్నాడు దూడను వెతుకుతూ కొట్టం వెనక్కి వెళితే, గోడ నిండా పచ్చి పిడకలు. ఒక్కోదాని మీద అవ్వ వేళ్ల అచ్చులు. పరుగున పోయి అమ్మను లాక్కొచ్చాను. అమ్మ చాలాసేపు చూసి లోపలికి వెళ్లిపోయింది. ఇక ఇల్లు పీకి పందిరేస్తారని నేను ఎదురు చూశాను.

సాయంత్రం అందరి ముందూ అమ్మ అవ్వ దగ్గర కూర్చుంది.

"కలుపుడు నాకు వస్తలేదత్తా. పేడ ఎంతో, నీళ్లు ఎన్నో నీకు ఎరుకున్నట్టు ఎవలకు ఎరుక? రేపటి సంది నువ్వే కలుపు."

ఇదేం విడ్డూరమని నేను నోరు తెరవబోతే, అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అవ్వ తలెత్తి అమ్మ వైపు చూసింది. తర్వాత, "ఇన్నొద్దులకు అడిగినవు పిల్లా," అంది.

తెల్లారి నుంచి అవ్వ గడ్డిపోచలు ఏరి, చేత్తో పిసికి, పేడంతా తనే కలిపింది. మంట మెల్లగా మళ్లీ లేచింది. గోడ మీద కొత్త పిడకలు పడలేదు. దొరికిన దొంగను అమ్మ ఎందుకు బతిమాలిందో నాకు అర్థం కాలేదు. అదే అడిగితే, "ఆమె చేతుల పని గుంజుకున్నది మనమే గద బిడ్డా," అంది. అప్పుడు ఇంకా తికమకపడ్డాను.

ఇప్పుడు మా ఇంటి మీద సోలార్ పలకలున్నాయి. ఏ పూట మోటారు వేయాలో, ఏ రోజు పలకలు కడగాలో మా కోడలు వచ్చి నన్నే అడుగుతుంది. ఆమెకు తెలియక అడుగుతుందో, తెలిసే అడుగుతుందో తేల్చుకోలేను. కానీ అడిగిన ప్రతిసారీ నాకు ప్రాణం లేచొస్తుంది.