వేడన్నం వాసన

నా బిడ్డల మీద ఒట్టు... అబద్ధమైతే నా కళ్ళు పోనీ. ఇది జరిగింది.

అడవిలో కమ్యూనిస్టులున్న రోజులు. మలయాలో సుంగై పెటాని దగ్గర రబ్బరు తోట. మా ఇళ్ళ వరసలు, కూలి లైన్లు... వాటి చుట్టూ ముళ్ళకంచె. అడవిలో వాళ్ళకు బియ్యం అందకూడదని దొరలు ఎవరింట్లోనూ గింజ ఉంచుకోనిచ్చేవారు కాదు. తోటంతటికీ ఒకటే వంటశాల. అక్కడి అన్నం ఇంటికి తెచ్చేసరికి చల్లారిపోయేది.

మా మావకు గంజాయి అలవాటు. మొదటి పెళ్ళాం పైడమ్మ చచ్చినప్పటి నుంచి. నేను రెండోదాన్ని. పెళ్ళినాడు పుస్తెలతోపాటు దాని పేర వెండిబిళ్ళ కూడా నా మెడలో వేశారు. సవతి శాంతిస్తుందని.

నాకు నెల తప్పిందని మావ గంజాయి మానేశాడు. అప్పుడు మొదలైంది... నిద్ర లేదు. చెమటకు చాప తడిసిపోయేది. చేతులు వణుకు. ముద్ద పెడితే కక్కేవాడు. కాస్త కన్ను మూస్తే కలలు. కలలో... "పైడీ" అనేవాడు.

ఒళ్ళు మండేది నాకు. చెమట తుడిచేది నేను. పిలిచేది దాన్నా!

"సచ్చినదాని మీద కుళ్ళేటే నీకు?" పక్కింటి అక్క నవ్వింది.

"సచ్చినది ముసిల్ది అవదు కదక్కా."

ఆ రాత్రి కర్ఫ్యూ. ఎక్కడా అలికిడి లేదు. మెలకువ వచ్చింది... వాసన. వేడన్నం వాసన. అప్పుడే గంజి వార్చినట్టు. మా పొయ్యి తడిమాను. బూడిద చల్లగా ఉంది.

చీకట్లో గాజులు... గల్... ఆగాయి. మళ్ళీ... గల్. నేను కదల్లేదు. నావి కావు.

మావ నములుతున్నాడు. నెమ్మదిగా... మింగాడు.

"ఏటి మావా తింతన్నావు?"

"అన్నం."

"ఎవులెట్టినారు?"

"నువ్వే కదేటే... ఇంకో ముద్దెట్టు, పైడీ."

దీపం వెలిగించాను. ఎవరూ లేరు. సాయంత్రం తెచ్చిన చల్లన్నం పళ్ళెంలో అలాగే ఉంది. మావ మూతికి ఒక మెతుకు. వేలితో తీశాను... చురుక్కుమంది.

తెల్లారి లేచి కూర్చున్నాడు. గంజి అడిగి తాగాడు. మళ్ళీ గంజాయి ముట్టలేదు.

"ఎవులో దాసిన బియ్యం వండుకున్నారు" అంది అక్క, రాత్రి సంగతి చెబితే.

"మరి నా మొగుడి నోట్లో ఎవులెట్టినారు?"

నీ సేవ వల్లే బతికాడని లైనంతా మెచ్చుకుంది నన్ను. ఆ మెప్పు ఒంటికి పట్టలేదు.

మెర్డేకా వచ్చింది, అంటే దేశానికి స్వతంత్రం. కంచె పీకేశారు. తర్వాత మావ పోయాడు. నా పుస్తెలు తీసేశారు. దాని బిళ్ళ తియ్యాలని ఎవరికీ తోచలేదు... అది ఇంకా మెళ్ళోనే ఉంది.

ఒక్కో రాత్రి ఆ వాసన వస్తుంది. లేచి పొయ్యి తడుముతాను. చల్లగానే ఉంటుంది. పైలోకంలో కూడా మావకు పైడమ్మే పెడుతోందా... లేక నాకు పెట్టడానికి వస్తోందా?